మూడో పలక కిందికి దిగిన కథ

మదనపల్లెలో మా ఇంటి ముందుగదే అప్పట్లో నా షాపు. ఒక కంప్యూటరు, ఒక ప్రింటరు, గోడ నిండా నేను వేసిన పెళ్లిపత్రికలు. టమోటా బాక్సుల మీద అంటించే స్టిక్కర్లు, ట్రాక్టరు ట్రాలీల వెనక రాయించుకునే పేర్లు, బడి వార్షికోత్సవాల ఫ్లెక్సీలు, ఎవరు ఏది అడిగినా గీసి ఇచ్చేదాన్ని. గీసేదంతా మౌస్‌తోనే. గీతల్నీ వంపుల్నీ లెక్కగా పట్టి ఉంచే సాఫ్ట్‌వేర్ అది. అందులో వేసిన బొమ్మను అగ్గిపెట్టె మీదికి కుదించినా, బస్సు మీదికి సాగదీసినా అంచు చెదరదు.

మా నాయన బస్సు కండక్టరుగా పనిచేసి రిటైరయ్యాడు. ఊరికే కూర్చోవడం ఆయనకు చేతకాదు. పొద్దున్నే స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, షాపు గుమ్మం పక్కన కుర్చీ వేసుకునేవాడు. వచ్చినవాళ్లను ముందుగా "ఏ ఊరప్పా?" అని అడిగేవాడు. ఊరు చెప్పగానే, అక్కడికి తిరిగి పోవడానికి ఏ బస్సు ఎక్కాలో, అది దారిలో ఎక్కడ ఎక్కువసేపు నిలబడుతుందో చెప్పేవాడు. పెద్దతిప్పసముద్రం నుంచి వచ్చిన ఒక పెళ్లికూతురి తండ్రి, మా నాయన చెప్పిన బస్సు అందుకోవాలన్న తొందరలో పత్రిక సరిచూడకుండానే పరుగెత్తాడు. అచ్చయ్యాక చూస్తే ఆయన పేరే తప్పు పడింది. బస్సు మాత్రం దొరికిందట.

పుంగనూరు అక్క అని నేను పిలిచే ఆమె మా షాపుకు మొదట వచ్చింది ఒక మధ్యాహ్నం. యాభై దాటిన మనిషి, నడకలోనే పని చేయించే తీరు కనిపించేది. కూర్చోమంటే కూర్చోకుండానే మొదలుపెట్టింది.

"పుంగనూర్లో కొత్తగా కల్యాణమంటపం కట్టిస్తాండానమ్మా. స్టేజీ వెనకాల థర్మాకోల్ వద్దు, ప్లాస్టిక్ పూలు వద్దు. ముగ్గు గావాల."

తన ఇంటి ముందు వేసిన ముగ్గుల ఫొటోలు ఫోన్లో చూపించింది. అన్నీ మెలికల ముగ్గులే. చుక్కలు పెట్టి, వాటి చుట్టూ గీత తిప్పుకుంటూ పోయే రకం.

"సూడు, గీత ఎన్ని మెలికలు తిరిగినా మొదులుపెట్టిన కాడికే రావాల. చుక్కల మధ్యన దూరి పోవాల గానీ చుక్కను తాకకూడదు. తాకిందంటే అది ముగ్గు కాదు, గీకుడు."

ఆమె అనుకున్నది ఇదీ. అయిదు పొడవాటి చెక్క పలకలు స్టేజీ వెనక పక్కపక్కన నిలబెడతారు. ముగ్గు గీత ఒక పలకలోంచి పక్క పలకలోకి ఆగకుండా సాగిపోవాలి. గీతను చెక్కలో గాడిగా చెక్కి, అందులో తెల్లరంగు నింపుతారు. చెక్కే మనిషిని కూడా ఆమే కుదుర్చుకుంది. కుప్పంలో ఒకతను, కంప్యూటర్ చెప్పినట్టు చెక్కే మెషిన్ పెట్టుకుని తలుపులు చేస్తాడట.

"ఆయప్ప శానా నిదానస్తుడు. నువ్వు గీసి పంపిచ్చు, ఆయప్ప చెక్కుతాడు. ఇద్దురూ కొట్లాడుకోకుండా చేయండి" అని చెప్పి వెళ్లింది. ముఖం కూడా చూడని మనిషితో నాకు కొట్లాటేమిటని నవ్వుకున్నాను.

మా సాఫ్ట్‌వేర్‌లో ఒక మూల అయస్కాంతం బొమ్మ ఉంటుంది. దాన్ని నొక్కి ఉంచితే, మనం లాగే గీత కొస దగ్గర్లో ఉన్న దేనికో ఒకదానికి తనంతట తాను అతుక్కుంటుంది. దాన్నే స్నాపింగ్ అంటాం. పత్రికల అంచులు, గళ్లు, గడులు కట్టేటప్పుడు అది లేకుండా నేను ఒక్క అడుగు వేసేదాన్ని కాదు. ముగ్గు దగ్గర మాత్రం అది నన్ను ఏడిపించింది. గీతను రెండు చుక్కల మధ్య నుంచి దాటించబోతే చాలు, అది ఎగిరి చుక్క నడినెత్తిన కూర్చునేది. వెనక్కి లాగితే పక్క చుక్క మీదికి దూకేది.

నాయన నా వెనక నిలబడి కాసేపు చూశాడు.

"ఏం పాపా, ఆ గీతకు చుక్కలంటే అంత ప్రేమ?"

"ప్రేమ కాదు నాయనా, స్నాపింగ్."

"ఏదైతేనేం. నువ్వు పొమ్మనకుండానే పోతాండాది."

విసుగెత్తి అయస్కాంతాన్ని కట్టేశాను. ఇక గీత నా చెప్పుచేతల్లోకి వచ్చింది. చుక్కల్నీ గీతల్నీ చేత్తోనే, కంటి అంచనాతో వేసుకుంటూ పోయాను. అయిదు పలకల ముగ్గు పూర్తయ్యాక కుర్చీ వెనక్కి జరుపుకుని చూసుకుంటే నాకే ముచ్చటేసింది. ఫైలు కుప్పానికి పంపించాను.

మర్నాడు ఫోన్ వచ్చింది.

"మేడం, కుప్పం నుంచి మాట్లాడతాండాను. మీ ముగ్గు సూసినాను."

"బాగుండాదా సార్?"

"బాగుండాది. తునకలు తునకలుగా బాగుండాది."

నాకు ఒళ్లు మండింది. నా స్క్రీన్ మీద గీత ఎక్కడా తెగలేదని గట్టిగా చెప్పాను.

"దగ్గరికి తెచ్చుకోని సూడండి మేడం" అన్నాడు. జూమ్ చేశాను. "ఇంకా దగ్గరికి. ఇంకా." నేను పెంచుకుంటూ పోయాను. కలిసిపోయాయనుకున్న రెండు గీతల కొసలు మెల్లగా విడిపోయాయి. చివరికి వాటి మధ్య ఎద్దులబండి తోలుకుపోవచ్చు.

"ఇప్పుడు కనపడిందా?"

"...కనపడింది."

"అట్లాటివి నిండా ఉండాయి. గీత తెగిన కాడంతా నా మెషిన్ ఉలిని పైకెత్తి మళ్లీ దించతాది. దానికి ఆయాసం."

"మెషిన్‌కు ఆయాసమేంది సార్?"

"దానికి లేకపోతే నాకు మేడం."

అంటే అయస్కాంతం ఉంటే గీత చుక్క మీదికి ఎక్కుతుంది, లేకుంటే కొసలు కలవవు. పళ్లు కొరుక్కుంటూ మళ్లీ కూర్చున్నాను. చాలాసేపటికి ఒక ఉపాయం తోచింది. అయస్కాంతాన్ని కట్టేయనక్కర్లేదు, అది దేనికి అతుక్కోవాలో నేను చెబితే సరిపోతుంది. బొమ్మ వెనకాల లెక్కల పుస్తకంలో ఉండేలాంటి గళ్లు పరిచాను. గడి కొలత, రెండు చుక్కల మధ్య దూరంలో సరిగ్గా సగం పెట్టాను. అలా అయితే చుక్కలు ఒక మూల వదిలి ఒక మూలన కూర్చుంటాయి, మధ్యలో ఖాళీగా ఉన్న మూలలు గీతకు దారి అవుతాయి. స్నాపింగ్ సెట్టింగుల్లో వస్తువుల ముందున్న టిక్కులన్నీ తీసేసి, గళ్లకు మాత్రమే ఉంచాను.

అయినా తేడా పోలేదు. గీత సరిగ్గా నడుస్తోంది గానీ కొన్ని చుక్కలకు మరీ ఆనుకుని, కొన్నింటికి మరీ ఎడంగా పోతోంది. చూస్తే తప్పు చుక్కలది. నేను చేత్తో పెట్టినవి కదా, ఒక్కటీ గడి మూలన లేదు. వాటన్నిటినీ తుడిచేసి, కొత్త చుక్కలు గళ్ల మీదే పెట్టుకుంటూ వచ్చాను. ఆ తర్వాత గీత దానికదే దారి చూసుకుంది. కొసలన్నీ ఒకదాన్నొకటి పట్టుకున్నాయి.

"మేడం, ఇప్పుడు మడికి నీళ్లు పారినట్టు పోతాండాది" అన్నాడు కుప్పం మనిషి. ఆ మాటను ఆ రోజు నాయనకు ఏదో ఒక వంకతో పదే పదే చెప్పినట్టు గుర్తు.

పలకలు చెక్కడం అయ్యింది, రంగు నింపడం అయ్యింది, వ్యాన్‌లో పుంగనూరుకు చేరాయి కూడా. హాయిగా ఊపిరి పీల్చుకుంటుంటే అక్క ఫోన్ చేసింది.

"అమ్మా, పలకలు నిలబెట్టినారు. నాలుగు బ్రమ్మాండంగా ఉండాయి. మూడోది యాలనో గానీ కిందికి దిగిండాది. గీతలు బొటనవేలంత తేడాగా వచ్చినాయి. మెట్లెక్కి దిగినట్టుండాది."

"గోడ సమంగా లేదేమో అక్కా?"

"గోడ నేను కట్టిచ్చినాను."

ఆ తర్వాత గోడ మాట ఎత్తలేదు. కుప్పానికి ఫోన్ చేశాను. అతను అప్పటికే సిద్ధంగా ఉన్నాడు.

"మీ ఫైల్లోనే దిగిండాది మేడం."

"నా ఫైల్లో దిగలేదు సార్. అయిదు పలకల మీదా ఒక అడ్డగీత గీసి ఫొటో పంపించినాను, సూడండి. అన్నీ సమంగా ఉండాయి."

"నా మెషిన్ మీరు చెప్పింది చేస్తాది. సొంతంగా ఏమీ చేయదు."

"నేను దాన్ని దిగమని చెప్పలే."

"మరి ఎవరు చెప్పినట్టు?"

ఇట్లా రెండు మూడు సార్లు అయ్యాక ఇద్దరమూ అక్కకు విడివిడిగా ఫోన్ చేసి ఎదుటివాళ్ల మీద చెప్పుకున్నాం. ఆమె ఓపిగ్గా విని ఒకటే మాట అంది. "ఇద్దురూ ఈడికి రాండి. ఆ పలక ముందర కూర్చోని తేల్చుకోండి."

నాయన కూడా బయల్దేరాడు. నాకు తోడుగా అన్నాడు గానీ, బస్సెక్కగానే నన్ను మరిచిపోయి కండక్టరు పక్కన చేరాడు. పుంగనూరులో దిగేసరికి ఆ కుర్రాడికి ఉద్యోగం మొత్తం మళ్లీ నేర్పించేశాడు.

మంటపంలో ఇంకా సున్నం వాసన పోలేదు. స్టేజీ మీద అయిదు పలకలూ నిలబడి ఉన్నాయి. నిజంగానే మూడోది ఒక్కటే తలవంచుకున్నట్టుంది. దాని ముందర సన్నగా, పొడుగ్గా ఒక మనిషి రసమట్టం పట్టుకుని చూస్తున్నాడు. కనుబొమల్లో రంపపుపొట్టు. ఫోన్లో గొంతు విని అరవై ఏళ్ల ఆయన అనుకున్నాను. చూస్తే నా వయసువాడే.

అతనూ ఆశ్చర్యపోయాడు. "మీరేనా మేడం? నేను పెద్దామె అనుకుంటి."

"యాల?"

"కోపం సూసి."

నాయన ముందుకొచ్చి, "కుప్పం నుంచి ఏ బస్సులో వస్తివప్పా?" అని అడిగాడు.

"బైకులో వచ్చినానన్నా, పలమనేరు మీద."

నాయన ముఖం కాస్త చిన్నబోయింది.

ముందు పలకల ఎత్తు కొలిచాం, అన్నీ ఒకటే. నేల చూశాం, సమంగానే ఉంది. ఇక మిగిలింది ఫైలు. ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చుని లాప్‌టాప్ తెరిచాను. అతను ఒక పక్క, అక్క ఒక పక్క, వెనక నాయన. ఏమీ తోచక ఒక్కో పలక ముగ్గును ఊరికే క్లిక్ చేస్తూ పోయాను. దేన్ని పట్టుకున్నా దాని చుట్టూ ఒక సన్నని డబ్బా కనిపిస్తుంది, బొమ్మ ఎక్కడి నుంచి ఎక్కడిదాకా ఉందో చెప్పేది. మొదటి పలక డబ్బా ముగ్గును అంటుకుని ఉంది. రెండోదీ అంతే. మూడోదాన్ని నొక్కగానే డబ్బా ముగ్గును దాటి, పలకను దాటి, పైన ఏమీ లేని చోటిదాకా సాగింది.

"ఆడేముంది?" అంది అక్క.

"ఏమీ లేదక్కా" అంటూనే రంగులు తీసేసి గీతలు మాత్రం కనిపించే చూపులో పెట్టాను. ఆ ఖాళీలో, డబ్బా పైఅంచున, ఒక్క బిందువు. ఎప్పుడో పెన్ను టూల్ చేతిలో ఉండగా పొరపాటున ఒక క్లిక్ పడింది. గీత లేదు, రంగు లేదు, పొడవు లేదు. కానీ ఉంది. ముగ్గుతో పాటు గుంపులో కలిసిపోయి ఉంది.

"దొరికింది!" అని కుర్చీలోంచి లేచి అరిచాను. దొరికింది నా తప్పేనన్న సంగతి అరిచాక గానీ తట్టలేదు.

పాపం, అతను నా తరఫున మాట్లాడబోయాడు. "దాన్ది ఏముంది మేడం. అట్లాంటి బిందువును మెషిన్ చెక్కదు గూడా. అది ఉన్నంత మాత్రాన ముగ్గు జరగదు. ఎవరన్నా సెంటర్ బటన్ నొక్కితే దప్ప..."

అక్కడ ఆగిపోయాడు.

"ఎవరు నొక్కినారు?" అంది అక్క.

"...నేనే నొక్కినానక్కా. ఒక్కో పలక ఫైలు మెషిన్లోకి తీసుకున్నప్పుడల్లా నొక్కినాను. నీట్‌గా ఉంటాదని."

అప్పుడు అంతా తేటపడింది. సెంటర్ బటన్ డబ్బాను కొలిచి పలక నడిమికి తెస్తుంది. నాలుగు పలకల్లో డబ్బా అంటే ముగ్గే, అది ముందే నడిమిన ఉంది కాబట్టి, ఎన్నిసార్లు నొక్కినా ముగ్గు ఉన్నచోటే ఉంది. మూడోదాంట్లో మాత్రం డబ్బాలో పైనున్న బిందువు కూడా లెక్కకొచ్చింది. ఆ రెండింటినీ కలిపి నడిమికి తెచ్చేసరికి ముగ్గు కిందికి జారింది. నా స్క్రీన్ మీద సమంగా ఉన్నదీ నిజమే, అతని మెషిన్ చెప్పింది చేసిందీ నిజమే.

అక్క మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "అంటే ఒకరు కనపడని చుక్క పెడితిరి, ఇంకొకరు దాన్ని నడిమికి గుంజితిరి. బాగుండాది జోడీ."

నాయన గొంతు సవరించుకుని, ఈ ఊళ్లో మధ్యాహ్నం భోజనం యాడ బాగుంటాదని అడిగాడు. అక్క మంటపం వంటగదిలోనే రాగిసంగటి చేయించింది. ఊరిబిండి నంజుకుంటూ అతనూ నాయనా కుప్పం దారిలోని మలుపుల గురించి మాట్లాడుకున్నారు. నేను ఆ బిందువును డిలీట్ చేసి, సరైన ఫైలు అక్కడికక్కడే అతనికి ఇచ్చాను.

కొత్త పలక చెక్కేటప్పుడు వచ్చి చూడమన్నాడు. "అది నా పాత రూటు పాపా" అని నాయన నాకంటే ముందే బయల్దేరాడు. కుప్పంలో అతని షెడ్డు రైలుపట్టాలకు దగ్గర. అరవంలో పనివాళ్లకు చెప్పి, కన్నడంలో చెక్క తెచ్చే ఆయనతో ఫోన్లో మాట్లాడి, తెలుగులో మాకు కుర్చీలు వేశాడు. నేను అతని కంప్యూటర్ స్క్రీన్ చూసి ఆగిపోయాను. దాని పైమూలలో నల్లటి ఇన్సులేషన్ టేపు ముక్క అంటించి ఉంది.

"ఇదేంది సార్?"

"సెంటర్ బటన్ ఆడుంటాది మేడం. పొరపాటున గూడా నొక్కకూడదని."

మౌస్ పట్టుకుని స్క్రీన్ మీది సాఫ్ట్‌వేర్ కిటికీని కొంచెం పక్కకు జరిపాను. టేపు కింద నుంచి బటన్ నింపాదిగా బయటికొచ్చింది. అతను దాన్నీ నన్నూ చూసి తల గోక్కున్నాడు. నాకు నవ్వు ఆగలేదు. కళ్లల్లో నీళ్లొచ్చేదాకా నవ్వాను. అతను కూడా నవ్వాడు. మెషిన్ మొదలయ్యాక ఉలి ఒక్కసారి కూడా పైకి లేవకుండా చుక్కల మధ్య మెలికలు తిరుగుతూ పోతుంటే, చెక్క వాసనలో నిలబడి ఇద్దరం చూశాం. నేను మెషిన్నే చూశానని చెప్పలేను.

ఆ తర్వాత కుప్పం నుంచి సందేహాలు మొదలయ్యాయి. గీత మందం ఎంత పెట్టాలి, ఈ రెండు వంపులు ఎట్లా కలపాలి, ఈ తలుపు మీద నెమలి ఏ వైపు చూడాలి. అన్నీ అతనికి తెలిసినవే. తెలిసినవని నాకూ తెలుసు. నాయన గుమ్మం దగ్గర కూర్చుని, "ఆయప్పకు దినామూ యాడినుంచి వస్తాయి ఇన్ని డౌట్లు?" అనేవాడు.

ఒకరోజు, "మేడం, ఈసారి ఫైలు గురించి కాదు" అన్నాడు.

"మరి?"

"మన గురించి."

నోటికి ఏదొస్తే అది అన్నాను. "ఫైలు గురించే అడగండి సార్. దానికైతే జవాబు తెలుసు."

"సరే. రెండు ఫైళ్లు ఒకటిగా చేయాలంటే ఎట్ల?"

ఇంత అధ్వాన్నమైన మాట ఏ పెళ్లికొడుకూ అని ఉండడు. అన్నాక అతనికే సిగ్గేసి ఫోన్ పెట్టేశాడు. నాయనకు చెప్పాల్సి వచ్చినప్పుడు మాటలు వెతుక్కోవాల్సి వచ్చింది. ఆయన అంతా విని, రోడ్డు మీద పోతున్న బస్సు బోర్డు చదివాడు. అమ్మ పోయాక ఆ ఇంట్లో మిగిలింది మేమిద్దరమే. ఆయన ఏమంటాడోనని భయపడ్డాను.

"కుప్పానికి ఇప్పుడు బస్సులు బాగానే ఉండాయి పాపా" అన్నాడు చివరికి. "నేను పొద్దున వచ్చి సాయంత్రానికి ఎనక్కి రావచ్చు."

అదే ఆయన ఒప్పుకోలు.

పెళ్లి పుంగనూరు మంటపంలోనే చేద్దామనుకున్నాం. అక్క తెగ నొచ్చుకుంది. "మీ పలకల్ని సూసేసి మంది ముందే బుక్ చేసేసినారమ్మా. ఆ ముహూర్తానికి ఒక్క పూట గూడా ఖాళీ లేదు. నేనేం చేసేది?" అంది. దాంతో కుప్పంలో ఏది దొరికితే అందులో చేసుకున్నాం. స్టేజీ వెనక థర్మాకోల్ నెమళ్లు, వాటి మెడల్లో ప్లాస్టిక్ పూలు. అక్క ముందువరసలో కూర్చుని ఆ నెమళ్లను చూసినంత కోపంగా ఎవర్నీ చూడలేదు.

ఇప్పుడు షెడ్డులో మా ఆయన మెషిన్, నా కంప్యూటర్ పక్కపక్కనే ఉంటాయి. "మేడం" పోయి "ఏమ్మా" వచ్చింది, "సార్" పోయి "ఏమప్పా" వచ్చింది. సందేహాలు తగ్గాయి, వాదాలు పెరిగాయి. మొన్న ఒక బట్టల షాపాయన బోర్డు చేయించుకోవడానికి వచ్చాడు. పైన తెలుగులో 'వస్త్రాలు' అని, కింద అరవంలో అదే మాట. ఈయన సెంటర్ నొక్కి పెట్టాడు. నాకు చూడగానే తెలుగు అక్షరాలు పైకి ఎగబాకినట్టు కనిపించాయి.

"కొంచెం కిందికి దించప్పా."

"సాఫ్ట్‌వేర్ కొలిచి నడిమిలోనే పెట్టిండాది కదమ్మా."

"అది ఒత్తుల్ని గూడా కలుపుకోని కొలస్తాది. కన్ను ఒత్తుల్ని కొలవదు, తలకట్లు సూస్తాది."

"నీ కన్ను సూస్తాది. ఊర్లోవాళ్ల కన్ను?"

షాపాయన మా ఇద్దరి మధ్యా తల అటూ ఇటూ తిప్పి అలిసిపోయాడు. "అప్పా, అమ్మా, మీరు నిదానంగా తేల్చుకోండి. నాకు బేరాల వేళయింది" అని వెళ్లిపోయాడు. చివరికి రెండు రకాలుగానూ ప్రింటు తీసి షెడ్డు గోడకు అంటించాం. టీకి వచ్చినవాళ్లనూ, తలుపులు చూసుకోవడానికి వచ్చినవాళ్లనూ ఆపి, ఏది బాగుందని అడుగుతున్నాం. ఎవరి వైపు ఎక్కువమంది ఉన్నారో ఇక్కడ రాయను. ఇది ఆయన కూడా చదువుతాడు.